ఇంటి చుట్టు చప్టా ఏల పగులును?

ఇల్లు కట్టుకొనువారికి గోడలమీద ఉండు శ్రద్ధ ఇంటి చుట్టు వేయు చప్టామీద ఉండదు. గృహప్రవేశపు ముహూర్తము దగ్గరపడుచుండును. చేతిలోని సొమ్ము అప్పటికే అయిపోయి యుండును. మిగిలిన కంకర, మిగిలిన సిమెంటు, మిగిలిన ఓపిక, ఈ మూడింటితో మూడడుగుల వెడల్పున చప్టా వేయించి, పని ముగిసినదనుకొందుము. రెండేండ్లు తిరుగక మునుపే అది బీటలు వారును. ఒకచోట కుంగును, మరియొకచోట లేచును. గోడకును చప్టాకును నడుమ వ్రేలు దూరునంత సందు ఏర్పడును. మేస్త్రీని పిలిచి ఆ సందులో సిమెంటుపాలు పోయింతుము. మరుసటి వేసవికి అది మరల నోరు తెరచును.

ఈ పనిని మేము మా యింట పలుమార్లు చేయించితిమి. కావున ఈ విషయమున మాకు తెలిసినదానిలో సగము పుస్తకములవలన వచ్చినది. తక్కిన సగము డబ్బు పోగొట్టుకొనుటవలన వచ్చినది.

మా యిల్లు గుంటూరు ప్రాంతమున నల్లరేగడి నేలమీద ఉన్నది. మొదటి వేసవిలో వంటయింటి వెనుకనున్న చప్టా గోడనుండి విడివడెను. సందులో సిమెంటు నింపించితిమి. వానలు పట్టిన పిదప చప్టా వెలుపలి అంచు పైకి లేచెను. దానితో వాలు తిరుగబడి, పడిన నీరు బయటికి పోవుటకు మారుగా గోడవైపునకు నడచుచుండెను. లేచిన అంచును పగులగొట్టించి, క్రొత్త కాంక్రీటు పోయించితిమి. మూడవయేట వంటయింటి కిటికీ మూలనుండి గోడమీద ఏటవాలుగా ఒక బీట దిగినది. అప్పటికి గాని మాకు భయము కలుగలేదు. చప్టా పగులుట వేరు, గోడ పగులుట వేరు. ఇంటిమీద తెచ్చిన అప్పు ఇంకను సగమైనను తీరలేదు.

ఆ తరుణమున వచ్చిన ఒక ముసలి మేస్త్రీ బీటవంక చూడనేలేదు. ఇంటి చుట్టు ఒకమారు తిరిగివచ్చి, "బాబుగారూ, వంటింటి తూము నీళ్లు ఎటు పోతున్నాయండీ?" అని అడిగెను. ఆ నీరు గోడకు నాలుగడుగుల దూరములోనున్న అరటిగుబురునకు పోవుచుండెను. బొట్టు వృథాపోకుండ చెట్లకు మళ్లించితిమని మేము వచ్చినవారికెల్ల చూపి గర్వపడుచుండెడివారము. "చెట్టు తాగిందెంతో, పునాది తాగిందెంతో ఎవరు కొలిచారు బాబూ?" అని ఆయన నవ్వెను. తూమునీటిని గొట్టముద్వారా వీధికాలువకు పంపించి, అరటిపిలకలను పెరటి చివర నాటించి, ఒక యేడాదిపాటు చప్టాను ముట్టవద్దని చెప్పి వెళ్లెను.

అప్పటికి ఆ మాట మాకు వింతగా తోచినది. ఇంటికి జబ్బు చేసినదని పిలిచినచో, మందు వేయక పథ్యము చెప్పినట్లయినది. తరువాత చదివి చూడగా ఆయన చెప్పినదే సరియని తెలిసినది. చప్టామీది బీట గుర్తు మాత్రమే. దాని కారణము క్రింది నేలలోను, ఆ నేలకు అందుచున్న నీటిలోను ఉండును. నీటి సంగతి తేలక మునుపు బీటమీద పెట్టిన ఖర్చు నిలువదు.

నల్లరేగడి గుణమును కొంచెము వివరముగా చెప్పుకొనవలెను. మన రేగడి అను మాటయే ఇంగ్లీషువారి నోట 'రెగుర్' అయి భూగోళ గ్రంథములలోనికెక్కినది. గుంటూరు, కృష్ణా, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతములలో ఈ నేల విస్తారముగా కలదు. మహారాష్ట్రమున, మధ్యప్రదేశమున ఇంకను హెచ్చుగా కలదు. పత్తికి, మిరపకు, శనగకు ఇంతకన్న మంచి నేల లేదు. తేమను పట్టి దాచుకొను గుణమే పైరునకు మేలు చేయుచున్నది. ఆ గుణమే ఇంటికి కీడు చేయుచున్నది. ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైటు అను బంకమన్ను ఖనిజము హెచ్చుగా ఉండును. ఫ్రాన్సు దేశములోని మాంట్‌మొరిల్లాన్ అను ఊరిపేరిట 1847లో దానికి ఆ పేరు వచ్చినది. ఇది కంటికి కానరానంత పలుచని పొరలు, విస్తరాకుల కట్టవలె, ఒకదానిమీదనొకటి పేర్చినట్లుండు పదార్థము. నీరు తగిలినచో అది పొరల నడుమకు దూరి వానిని ఎడముచేయును. అందుచే మట్టి పొంగును. నీరు ఆరినచో పొరలు దగ్గరపడి మట్టి ముడుచుకొనును.

రోహిణి కార్తెలో రోళ్లు పగులునందురు. రోళ్లమాట యెట్లున్నను రేగడిచేలు పగులుట అందరము చూచినదే. చేయి దూరునంత వెడల్పున, నడుములోతువరకు నెఱ్ఱెలు విచ్చును. తొలకరి చినుకులు పడగానే నీరు నేలను తడుపుటకు మారుగా ఆ నెఱ్ఱెలవెంట సరాసరి లోతునకు దిగును. అక్కడనుండి నేల పొంగ నారంభించును. మూడంగుళముల మందముగల కాంక్రీటు చప్టా చదరపు మీటరు ఒక్కింటికి సుమారు 180 కిలోల బరువుండును. తడిసిన రేగడి పైకి నెట్టు బలము చదరపు మీటరునకు పలు టన్నులవరకు ఉండును. ఇంత చెప్పిన పిదప చప్టా ఏల లేచినదని అడుగ నక్కరలేదు. ఒక అంతస్తు ఇండ్లు, ప్రహరీగోడలు, మెట్లు, చప్టాలు, అనగా తేలికైన కట్టడములే ఈ నేలమీద మొదట చెడుటకు కారణమిదియే.

మరియొక విశేషము కలదు. ఇంటి నడిమి గదుల క్రిందనున్న నేలకు ఎండ తగులదు, వాన తగులదు. అక్కడి తేమ ఏడాది పొడుగున దాదాపు ఒకేరీతిగా ఉండును. గోడల వెలుపలి నేల ఋతువునుబట్టి ఎండుచు తడియుచు ఉండును. ఈ రెండింటి సరిహద్దున చప్టా ఉన్నది. అసలు చప్టా వేయుట దీనికొరకే: ఆ సరిహద్దును గోడనుండి మూడు నాలుగడుగులు దూరముగా జరుపుటకు. గోడ పడవలసిన కుదుపును చప్టా తాను పడుచున్నది. ఆ లెక్కను చూచినయెడల చప్టా పగిలినందుకు కోపగించుకొనుట న్యాయము కాదు. కాని ఆ పగుళ్లలోనుండి నీరు పునాదికి దిగనిచ్చుట మాత్రము ప్రమాదము.

అన్ని బీటలకును రేగడియే కారణము కాదు. ఎఱ్ఱనేలలందును, తీరప్రాంతపు ఇసుకనేలలందును చప్టాలు కుంగుచున్నవి. అక్కడ దోషము తరచుగా మనుష్యులదే. పునాదికై త్రవ్విన గోతిలో గోడప్రక్కన మట్టిని పోసి, దిమ్మిసతో కొట్టక, దానిపైననే కాంక్రీటు వేయుదురు. రెండు వానలకు ఆ పూడికమట్టి దిగబడి, చప్టా క్రింద డొల్ల ఏర్పడును. పగిలిన నీటిగొట్టము, పూడ్చిన పాత మరుగుదొడ్డి గొయ్యి, కుళ్లిపోయిన చెట్టుమొద్దు కూడ ఇట్టి డొల్లలు కలిగించును. పందికొక్కుల సంగతి చెప్పనే అక్కరలేదు. మా పొరుగువారి చప్టా ఒకనాటి రాత్రి నడిమికి విరిగిపడగా, క్రింద రెండు బస్తాల ధాన్యము పట్టునంత కలుగు బయటపడినది. డొల్లను కనుగొనుటకు యంత్రములక్కరలేదు. రోకలితో చప్టాను మెల్లగా తట్టుచు పోయినచో, గట్టిచోట ఒక ధ్వని, డొల్లచోట కుండను తట్టినట్లు మరియొక ధ్వని వచ్చును.

కాంక్రీటు తనంతట తానే పగులుటయు కలదు. అది ఆరునప్పుడు కొంచెము కురుచగును. 30 అడుగుల పొడవున ఏకముగా పోసిన చప్టా పూర్తిగా ఆరునప్పటికి సుమారు 3 మిల్లీమీటర్లు తగ్గును. నడుమ అతుకులు విడువనిచో అది తనకు నచ్చినచోట పగిలి ఆ లోటును తీర్చుకొనును. పని తేలికగునని కూలీలు హెచ్చుగా నీరు పోసి కలిపిన కాంక్రీటు ఇంకను హెచ్చుగా ముడుచుకొనును. వెంట్రుకవాసి బీటలు ఇట్టివే. వానిగూర్చి నిద్ర చెడగొట్టుకొన నక్కరలేదు.

తమ యింటి నేల పొంగునదో కాదో తెలిసికొనుటకు ఇంటనే చేయదగిన పరీక్ష ఒకటి కలదు. ప్రయోగశాలలలో కొలపాత్రలతో చేయుదానికి ఇది నాటురూపము. రెండడుగుల లోతునుండి తీసిన మట్టిని ఎండబెట్టి, మెత్తగా నూరి, పలుచని గుడ్డతో జల్లించవలెను. ఒకే కొలతగల రెండు సన్నని గాజుగ్లాసులలో ఒకదానియందు నీరు, రెండవదానియందు కిరసనాయిలు పోసి, రెండింటిలోను సమానముగా మట్టి వేసి, కలిపి, ఒక పగలు ఒక రాత్రి కదలింపక ఉంచవలెను. కిరసనాయిలులో మట్టి పొంగదు. నీటిలోని మట్టి పేరుకొన్న ఎత్తు, కిరసనాయిలులోని మట్టి ఎత్తునకు ఒకటిన్నర రెట్లుగాని అంతకు మించిగాని ఉన్నచో ఆ నేలతో జాగ్రత్తగా ఉండవలెను. ఇప్పుడు కిరసనాయిలు దొరకుటయే కష్టమైనది గాని, పాత దీపపుబుడ్లు దాచుకొన్న ఇండ్లలో అడిగినచో ఒక గ్లాసెడు లభింపకపోదు. పరీక్ష చేయునప్పుడు దగ్గర నిప్పు ఉండరాదు.

ఇక బీట కదలుచున్నదో, నిలిచిపోయినదో తేల్చుకొనవలెను. దీనికి ఓపిక తప్ప ఖర్చు లేదు. బీటకు అటునిటు పెన్సిలుతో రెండు గీతలు గీసి, నడుమ దూరమును కొలిచి, గోడమీదనే తేదీతో వ్రాయవలెను. ఇంకను నమ్మకము కావలెనన్నచో, పలుచని గాజుపలకను బీటకు అడ్డముగా రెండు కొసలయందును ప్లాస్టరుతో అతికించవలెను. కదలిక ఉన్నచో గాజు పగులును. కొలతలు తీయుటకు కార్తెలను గుర్తుంచుకొనుట సులభము. రోహిణిలో ఒకమారు, స్వాతిలో ఒకమారు కొలువవలెను. మొదటిది నేల మిక్కిలి ఎండిన కాలము, రెండవది బాగుగా నానిన కాలము. ఈ రెండు కొలతలలో పెద్ద తేడా లేనియెడల బీట చల్లబడినదనుకొనవచ్చును. వెడల్పు ఋతువుతోపాటు పెరుగుచు తరుగుచున్నచో అది రేగడి పని. ఋతువుతో నిమిత్తము లేక ఒకేవైపునకు పెరుగుచు పోవుచున్నచో క్రింద ఏదో దిగబడుచున్నదని అర్థము.

మేస్త్రీ యేడాది ఆగుమన్న రహస్యము ఇందులోనే ఉన్నది. ఏండ్లతరబడి నానిన నేలకు నీరు మానిపించినచో అది వెంటనే కుదుటపడదు. ఆరుచు ముడుచుకొనుచు కొన్ని నెలలు కదలుచునే ఉండును. తొందరపడి ఆ నడుమ చేసిన మరమ్మతు మరల పగులును. మేము మొదట చేసిన తప్పు ఇదియే.

గోడ విషయమున మాత్రము వేచియుండరాని సందర్భములు కలవు. చప్టాలోని బీట బేసుమట్టమును దాటి గోడలోనికి ఎక్కినను, కిటికీ మూలలనుండి మెట్లు మెట్లుగా బీటలు సాగినను, వాని వెడల్పు పావు అంగుళమునకు మించినను, ఇంజనీరును పిలువవలెను. తలుపులు బిగియుట కూడ ఒక గుర్తేగాని, వానకాలమున కఱ్ఱ ఉబ్బినను తలుపు బిగియును. ఈ రెండింటిని వేరుపఱచుటకు ద్వారబంధమునకు ఒక మూలనుండి ఎదుటి మూలకు దారము పట్టి కొలిచి, తక్కిన రెండు మూలల నడుమకూడ అట్లే కొలువవలెను. రెండు కొలతలు సమానమైనచో తప్పు కఱ్ఱది. తేడా వచ్చినచో ద్వారబంధము వంకరపోయినదన్నమాట. అది గోడ కదలికవలన కావచ్చును.

ఇప్పుడు మరమ్మతు సంగతి. కదలని బీటను ఉలితో కొంచెము వెడల్పుచేసి, దుమ్ము దులిపి, తడిపి, సిమెంటు ఇసుకలతో నింపినచో చాలును. కదలు బీటలో సిమెంటు నింపరాదు. అది గట్టిపడి, నేల మరల పొంగినప్పుడు సర్దుకొనుటకు చోటులేక ప్రక్కనున్న కాంక్రీటును కూడ పగులగొట్టును. అట్టిచోట మెత్తగా సాగునట్టి పదార్థము కావలెను. తారు, ఇసుక కలిపి వేడిగా నింపుట పాతపద్ధతి. అంగళ్లలో దొరకు రబ్బరువంటి సీలెంటులు నేటిపద్ధతి. గోడకును చప్టాకును నడుమనున్న సందు ఎల్లప్పుడు ఈ రెండవ జాతిదే. దానిని సిమెంటుతో మూయించుట అందరు చేయు పొరపాటు.

కుంగిన పలకను పైపూతతో సమము చేయించుట కూడ దండుగయే. దానిని తీసివేసి, క్రిందనున్న వదులుమట్టిని త్రవ్వి, మంచి పూడిక వేయవలెను. పూడికకు ఇసుక మేలని పలువురి నమ్మకము. ఎఱ్ఱనేలలో అది చెల్లును. రేగడినేలలో గోడప్రక్క ఇసుక పోయుట, పునాదిచుట్టు నీళ్లతొట్టి కట్టుటతో సమానము. ఇసుకలోనికి దిగిన వాననీరు అడుగున రేగడి ఇంకనీయకపోవుటచే అక్కడనే నిలిచి, పునాదిని నెలలతరబడి నానబెట్టును. మావైపువారు గ్రావెలనియు, తెలంగాణమువారు మొరమనియు పిలుచు ఎఱ్ఱని గట్టిమట్టి దీనికి తగినది. అది దిమ్మిసకు గట్టిపడును, తడిసినను పొంగదు. పొంగని మట్టిని పొరగా వేసినచో క్రిందిరేగడి పొంగు అణగియుండునను సంగతిని బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. కె. కట్టి 1970ల దశకమున పరిశోధనలతో నిరూపించెను. కట్టడములక్రింద ఆ పొర దాదాపు మీటరు మందముండవలెను. చప్టాక్రింద ఒక అడుగైనను ఉండినచో మేలు కనబడును. మొరము లభింపనిచోట రేగడిలోనే సున్నము కలిపి గట్టిచేయుట కలదు. రహదారుల పనివారికి ఇది అలవాటే.

చప్టాను క్రొత్తగా వేయించువారు మొరమును ఆరేసి అంగుళముల పొరలుగా పోసి, నీరు చిలికి, దిమ్మిసతో కొట్టించవలెను. దానిపై ఒకపాలు సిమెంటు, మూడుపాళ్లు ఇసుక, ఆరుపాళ్లు కంకరతో మూడంగుళముల కాంక్రీటు చాలును. అయిదేసి అడుగులకొక అతుకు విడువవలెను. వెలుపలికి మూడడుగులకు ఒక అంగుళమైనను వాలుండవలెను. గోడను అంటకుండ అరంగుళము ఎడము ఉంచి తారుతో మూయవలెను. వారముదినములకు తక్కువ కాకుండ తడి గోనెపట్టలు కప్పియుంచవలెను. వాలు చివరకు చేరిన నీరు అక్కడనే గుంటకట్టక కాలువలోనికి పోవునట్లు చూడవలెను. లేనియెడల చప్టా వేసిన ఫలము లేదు. వేప, రావి వంటి పెద్దచెట్లు ఇంటికి వాని ఎత్తునకు తగినంత దూరముననే ఉండుట మంచిది. అవి వేసవిలో వేళ్లతో నేలనుండి తేమను లాగివేసి, ఒక్కమూలనే కుంగునట్లు చేయగలవు.

రేగడిలో ఇంకను ఇల్లు కట్టనివారి అదృష్టము వేరు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ నేలలకొరకే ఒక పునాదిపద్ధతిని వ్యాప్తికి తెచ్చినది. నేలలో సన్నని గుండ్రని గుంతను లోతుగా త్రవ్వి, అడుగున కుండబొజ్జవలె వెడల్పుచేసి, కాంక్రీటు నింపుదురు. బొజ్జ వ్యాసము కాండమునకు సుమారు రెండున్నర రెట్లుండును. రేగడి లోతుగా ఉన్నచోట ఈ స్తంభములు కనీసము 3.5 మీటర్లు దిగవలెనని మన ప్రమాణము. అంతలోతున ఎండావానల ప్రభావము స్వల్పము. పైనేల పొంగి స్తంభమును లాగినను అడుగుబొజ్జ దానిని పట్టియుంచును. వానిమీద నిలుపు దూలమునకును నేలకును నడుమ కొంచెము ఖాళీ విడుతురు, పొంగిన నేల దూలమును తాకకుండుటకు. మేము ఇల్లు కట్టుకొన్నప్పుడు ఈ సంగతి మాకు చెప్పినవారు లేరు, మేమును అడుగలేదు.

మా వంటయింటి గోడమీద పెన్సిలుగీతలు ఇప్పటికిని ఉన్నవి. తూము మార్చిన మొదటి యేడు రోహిణికిని స్వాతికిని నడుమ రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చెను. రెండవయేడు అరమిల్లీమీటరు కన్న మించలేదు. ఆ పిదపనే బీటను పూడ్పించి, చప్టాను మొరముమీద తిరిగి వేయించితిమి. సున్నము వేయించునప్పుడెల్ల గీతలున్న జానెడుచోటును విడిచిపెట్టుమని పనివారికి చెప్పుచున్నాము. అరటిగెలలు పెరటి చివర మునుపటికన్న చిన్నవిగా వచ్చుచున్నవని మా యింటివారికి కొంచెము కొఱత కలదు.